షెడ్డులో ఏ ఫోను సులువు? ఆండ్రాయిడా, ఐఫోనా?

చాకీ పురుగులు చెప్పడం మొదలు గూళ్ల డబ్బు ఖాతాలో పడేదాకా ఇప్పుడు అన్నీ ఫోనులోనే. పిల్లలు ఐఫోన్ కావాలంటారు, పెద్దలకు ఆండ్రాయిడ్ అలవాటు. ఏది గొప్ప అనే వాదన మనకొద్దు. ఆకు పసరు అంటిన చేతులకు ఏది సులువో చూద్దాం. మా కోలారు పక్క మేము కొందరం రెండూ షెడ్డులో వాడి చూసి చెప్తున్నాం.

1. తెరవడం: సున్నం, విజేత పొడి చల్లిన చేతికి వేలిముద్ర సరిగా పట్టదు. వేళ్లు అరిగిన ఆడవాళ్లకు మరీ కష్టం. ముఖం చూసి తెరుచుకునే ఐఫోన్ ఇక్కడ మేలు. ఆండ్రాయిడ్‌లో అంకెల పిన్ కూడా పెట్టుకోండి. జబ్బు పురుగు ఫోటో తీయాలంటే తాళం తీయక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్లలో పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా వస్తుంది. ఐఫోన్‌లో లాక్ తెరను ఎడమకు జరిపితే చాలు.

2. వెనక్కి రావడం: ఆండ్రాయిడ్‌లో కింద మూడు బటన్ల పద్ధతి పెట్టుకుంటే వెనక్కి బటన్ ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. ఐఫోన్‌లో అది లేదు. ఎడమ అంచు నుంచి వేలు జరపాలి, లేదా పైన బాణం గుర్తు వెతకాలి. పెద్దవాళ్లు తికమక పడేది ఇక్కడే.

3. భాష: ఆండ్రాయిడ్ మెనూ 2014లో వచ్చిన 5.0 నుంచే తెలుగులో ఉంది. ఐఫోన్‌కు 2025లో 18.4తో వచ్చింది. ఇంట్లో కన్నడమే చదవగలిగేవాళ్లుంటే రెండింటిలోనూ కన్నడం కూడా ఉంది.

4. హెచ్చరికలు: నాలుగో జ్వరం లేచాక షెడ్డులో వేడి 24-25 డిగ్రీలు దాటకూడదు. వేడి కొలిచే యాప్ పెట్టుకున్నవాళ్లు గమనించండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ మిగలాలని ఆ యాప్‌ను లోపల ఆపేస్తాయి, రాత్రి హెచ్చరిక రాదు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ ఆంక్ష తీసేయండి. ఐఫోన్‌లో ఈ బెడద తక్కువే గాని, ఫోకస్ ఆన్‌లో ఉంటే అదీ మోగకపోవచ్చు.

5. డబ్బు: ఇది అన్నిటికన్నా ముఖ్యం. సబ్సిడీ అనో, పీఎం కిసాన్ అనో పేరు పెట్టి వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపే మోసగాళ్లున్నారు. ఆండ్రాయిడ్‌లో దాన్ని ఎక్కించి, అడిగినదానికల్లా అనుమతి ఇస్తే, మెసేజ్‌లో వచ్చే ఓటీపీ వాళ్ల చేతికి పోతుంది. పంట డబ్బంతా ఒక్క గంటలో మాయం. ఐఫోన్‌లో ఆ ఫైల్ ఎక్కదు. అయినా దొంగ లింకులో పిన్ కొడితే ఏ ఫోనూ కాపాడదు. యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే దించుకోండి.

మొత్తమ్మీద షెడ్డుకు ఆండ్రాయిడే అనువు. తక్కువ ధరకు దొరుకుతుంది, తేమకూ సున్నం దుమ్ముకూ చెడినా నష్టం తక్కువ. ఇంట్లో అందరిదీ ఐఫోనే అయితే మాత్రం మార్చకండి. మీరు సంతకు పోయిన రోజు పురుగుల్ని చూసేది ఇంట్లోవాళ్లే కదా! అందరిదీ ఒకే రకమైతే ఒకరికొకరు నేర్పుకోవచ్చు.

కొనేముందు, ఇంట్లో ఫోను అలవాటు అందరికన్నా తక్కువున్నవాళ్లను అంగడికి తీసుకుపోండి. ఫోటో పంపడం, అలారం పెట్టడం, వెనక్కి రావడం వాళ్లతోనే చేయించండి. వాళ్లకు సులువైన ఫోనే మీ షెడ్డుకు సరైన ఫోను.