ఫోను ఎవరి చేతిలో ఉంది? – సామాజిక మాధ్యమాలు, మన ఆడపిల్లలు

2004లో ఆర్కుట్, ఫేస్‌బుక్ మొదలైనప్పుడు వేలూరులో గానీ గుడియాత్తంలో గానీ మన ఆడపిల్లల్లో చాలామందికి వాటితో పనిలేదు. ఇంటర్నెట్ చూడాలంటే బ్రౌజింగ్ సెంటరుకు వెళ్లాలి. వెళ్లాలంటే అన్నో తమ్ముడో తోడు రావాలి. ఆ తర్వాత 2005లో యూట్యూబ్, 2009లో వాట్సాప్, 2010లో ఇన్‌స్టాగ్రాం వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా ధర పడిపోయాక బ్రౌజింగ్ సెంటరే ఇంట్లోకి వచ్చేసింది. వచ్చి ఎవరి చేతిలో పడిందన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. తమిళనాడు స్త్రీలలో ఇది 46.9 శాతం. సరిహద్దు దాటి చిత్తూరు వైపు వెళితే, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతమే. ఈ లెక్కలు తీసి కొన్నేళ్లయింది. కానీ ఒకే ఇంట్లో అన్నకు ఒక ఫోను, అక్కాచెల్లెళ్లిద్దరికీ కలిపి అమ్మ ఫోను అనే పద్ధతి మనకు కొత్తేమీ కాదు.

వీటివల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. మన ఇళ్లలో తెలుగు మాట్లాడతాము, బడిలో తమిళం చదివాము. తెలుగు అక్షరాలు రాని తల్లులు ఎందరో. పలమనేరులో ఉన్న చెల్లెలికి ఉత్తరం రాయలేకపోయిన అక్క ఈరోజు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడుతోంది. ఇంట్లో కూర్చునే చీరల ఫోటోలు స్టేటస్‌లో పెట్టి అమ్ముకునేవారు ఉన్నారు.

గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మగారి సంగతి చాలామందికి తెలిసిందే. నూరేళ్లు దాటాయని చెప్పిన ఆ అవ్వ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండిన వంటలను 2016 నుంచి ఆమె మునిమనుమడు, అతని స్నేహితుడు యూట్యూబ్‌లో పెట్టారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసేనాటికి ఆ ఛానల్‌కు పది లక్షలకు పైగా చందాదారులు. సంతోషించవలసిన విషయమే. అయితే తెర మీద కనిపించింది ఆమె, కెమెరా పట్టుకుని నడిపింది మగపిల్లలు. ఆ వయసు అవ్వ విషయంలో అది సహజం. ప్లస్ టూ చదివే అమ్మాయి ఖాతా పాస్‌వర్డు కూడా అన్న దగ్గరే ఉంటే దాన్ని సహజమనలేము.

పాస్‌వర్డు దాచుకునే తల్లిదండ్రుల భయం ఉత్తది కాదు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక యువతి ముంబయి బంద్ గురించి ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసింది. ఆమె స్నేహితురాలు దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అది చూసి ఢిల్లీలో శ్రేయా సింఘల్ అనే విద్యార్థిని సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది. లాయరు కావాలనుకునే అమ్మాయిలు ఆ తీర్పు తప్పక చదవాలి.

మన ఊళ్లలో భయం మాత్రం ఎక్కువగా ఫోటోల గురించే. ఎవడో ప్రొఫైల్ ఫోటో తీసుకుని మార్చి పెడతాడు, లేదా ఆమె పేరుతోనే దొంగ ఖాతా తెరుస్తాడు. అమ్మాయి వచ్చి చెబితే ఇంట్లో మొదటి మాట ఏమిటి? "నిన్నెవరు ఫోటో పెట్టమన్నారు?" రెండో పని ఫోను లాక్కోవడం, మూడోది చదువు మాన్పించే మాట. ఇది తెలిసిన పిల్ల అసలు చెప్పదు. బెదిరించేవాడికి కావలసిందీ అదే. కాబట్టి తల్లిదండ్రులు ముందు వినాలి. కోపం తర్వాత చూసుకోవచ్చు.

అమ్మాయిలు ఆ మెసేజీలను చెరిపేయకూడదు. స్క్రీన్‌షాట్ తీసి, లింకు, తేదీ రాసి పెట్టుకోవాలి. ఆ యాప్‌లోనే ఫిర్యాదు చేయాలి. 2021 నిబంధనల్లో ఇలాంటి చిత్రాల తొలగింపుకు గడువు పెట్టారు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండానే ఇవ్వవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోను చేయాలి. వద్దన్నా వెంటపడి ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం.

చివరగా దరఖాస్తుల విషయం. ప్రభుత్వ స్కాలర్‌షిప్పులకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసేటప్పుడు ఓటీపీ నమోదైన సెల్ నంబరుకే వస్తుంది. ఆ నంబరు తిరుప్పూరులో పనిచేసే అన్నదైతే, అమ్మాయి నెట్ సెంటరులో కూర్చుని అతని ఫోను కోసం ఎదురుచూడాలి. ఆఖరి రోజైతే ఆ ఏడాది సాయం పోయినట్లే. విద్యార్థిని సెల్ నంబరు అడిగిన గడిలో ఆమె చేతిలో ఉండే ఫోను నంబరే రాయండి. లేకపోతే అమ్మది రాయండి, ఆ ఫోను ఆ రోజు ఇంట్లో ఉంచండి.