చెవికి కుదిరేదాకా

చీమకుర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఓ కుర్రాడి బల్ల మీద హెడ్‌ఫోన్ ఉంది. గెలాక్సీ గ్రానైటు లారీలు తూకం వేసే కాటా దగ్గర రాత్రి డ్యూటీ చేసే గుమస్తాది. పాట బాగానే పలుకుతోంది. కాని మెత్తల పైపొర పెచ్చులూడి చెవుల చుట్టూ నల్లగా అంటుకుంటోంది. అరగంట పెట్టుకుంటే కళ్లజోడు కాడలు కణతల్లోకి దిగుతున్నాయి. కొత్తది రెండు వేలు. ఈ కుర్రాడు మూడొందల్లోపు తేలుస్తానంటున్నాడు.

ముందు పరీక్ష. డప్పు మోత ఉన్న పాట పెట్టి, గుమస్తా తలకు తగిలించి, రెండు డొప్పలనూ అరచేతులతో నొక్కుతాడు. "ఇప్పుడెట్లుందన్నా?" "మోత పెరిగింది." అంటే మామూలప్పుడు ఎక్కడో గాలి కారుతోంది. కళ్లజోడు కాడ దగ్గర ఒక్క సన్న సందు చాలు, బేస్ అందులోంచే జారిపోతుంది. స్పీకరు బాలేదని జనం పారేసే హెడ్‌ఫోన్లలో కొన్నింటి జబ్బు ఇదే.

పాత మెత్త ఊడదీయడానికి పనికిరాని ఏటీఎం కార్డు వాడతాడు. మెత్త వెనక అంచు డొప్ప చుట్టూ ఉన్న గాడిలో దూరి ఉంటుంది. కార్డు మూల దోపి చుట్టూ తిప్పితే వచ్చేస్తుంది. స్పీకరు మీద కాగితం కప్పి, గాడిలోని జిగురునూ దుమ్మునూ ఐపీఏ తడిపిన దూదితో తుడుస్తాడు. సర్క్యూట్ బోర్డులు కడిగే స్పిరిట్ అది. రెండు నిమిషాల్లో ఆరిపోతుంది.

ఇక అసలు పని, ఫోమ్. ఆటో సీట్లు కుట్టే కొట్టు నుంచి 32 డెన్సిటీ ముక్క, రెక్సిన్ తుండు తెచ్చాడు. రెండూ కలిపి 50 రూపాయలు. 32 డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ 32 కిలోలు తూగుతుందని. అంతకన్నా గట్టిదైతే దవడ ఎముక దగ్గర నొక్కుతుందంటాడు. పాత మెత్తను అట్టమీద పెట్టి గీత గీస్తాడు: బయటి కొలత 100 మిల్లీమీటర్లకు 80, లోపలి రంధ్రం 62కు 42. ఫోమును వట్టిగా కోస్తే అంచు వంకర పోతుంది. అందుకని రెండు అట్టల మధ్య అదిమిపెట్టి, కొత్త బ్లేడుతో ఒకే దిక్కుకు లాగుతాడు. మందం మాత్రం అంతటా ఒకటి కాదు. చెవి వెనక తల లోపలికి వంగుతుంది కాబట్టి అక్కడ అంగుళం మందం అలాగే ఉంచి, ముందువైపుకొచ్చేసరికి 18 మిల్లీమీటర్లకు చెక్కుతాడు. ఆ తర్వాత గుమస్తాకు కళ్లజోడు పెట్టించి, కాడ ఎక్కడ దాటుతుందో సుద్దతో గుర్తు పెట్టుకుని, ఆ చోట 8 మిల్లీమీటర్ల వెడల్పు, 5 లోతున గాడి తీస్తాడు. రెడీమేడ్ మెత్తల్లో ఈ గాడి మామూలుగా ఉండదు. నాకు ఈ పని మొత్తంలో నచ్చింది ఇదే.

కుట్టు పక్క వీధి టైలరుది. చెంపకు తగిలే ముఖానికి బనియన్ గుడ్డ, లోపలి, బయటి గోడలకు రెక్సిన్. మొత్తం రెక్సినే వేస్తే గాలి బాగా ఆగుతుంది గాని ఈ ఎండలకు చెమట ఓడుతుంది. మొత్తం గుడ్డ వేస్తే చల్లగానే ఉంటుంది, బేస్ పోతుంది. 16 నంబరు సూదితో తిరగేసి కుట్టి, వెనక అంచులో సన్న ఎలాస్టిక్ దూరుస్తాడు. ఆ అంచే డొప్ప గాడిలో కూర్చుంటుంది. జతకు 60, ఎలాస్టిక్ పది.

తర్వాత తలపట్టీ. ఈ గొడవ హెడ్‌ఫోన్ అంత పాతది: 1910లో అమెరికాలో నథానియల్ బాల్డ్విన్ తన వంటింట్లో తయారుచేసి నౌకాదళానికి పంపిన జతకు కూడా తలపట్టీ నొప్పి పుడుతోందనే ఫిర్యాదు వచ్చింది. ఆయన తోలు చుట్టిన, సర్దుకోగలిగే తీగలు పెట్టాడు. మన కుర్రాడు ఒక డొప్పను పట్టుకుని, రెండోదానికి స్ప్రింగు కాటా తగిలించి, తల వెడల్పు 15 సెంటీమీటర్లు తెరిచేదాకా లాగుతాడు. 700 గ్రాములు. 19 సెంటీమీటర్ల పుస్తకాల దొంతరకు తొడిగి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి 600కు దిగింది. మిగతాది చేత్తో. పట్టీని నడినెత్తిన వంచడు, అక్కడ ప్లాస్టిక్ పగులుతుంది. డొప్పలు జారే చోట బయటపడే ఉక్కు బద్దను రెండు పక్కలా కొంచెం కొంచెం వంచి, మళ్లీ తూచి, 480 దగ్గర ఆపుతాడు. అంతకన్నా వదులైతే తల వంచినప్పుడు జారుతుంది.

నడినెత్తికి మధ్యలో సందు వదిలి రెండు ఫోమ్ ముక్కలు, పైన వెల్క్రో. ఇరవై రూపాయలు.

మళ్లీ అదే పాట. ఈసారి డొప్పలు నొక్కినా మోత పెద్దగా మారలేదు. నోట్లో వేరుశనగ గింజలు వేసుకుని నమలమంటాడు: దవడ కదిలినప్పుడు సందు పడితే వెనక ఫోమ్ ఇంకా పెంచాలి. పడలేదు. క్వారీలో డ్రిల్లింగ్ దగ్గర పెట్టుకునే చెవి తొడుగులు వదులు చేసిపెట్టమని వచ్చేవాళ్లను మాత్రం తిప్పి పంపేస్తాడు. వాటికి బిగువే రక్షణ. కొత్త మెత్తలే కావాలంటే ఆ కంపెనీవే వేసుకోవాలి.

కూలి 150తో కలిపి 290 రూపాయలు. వారానికోసారి మెత్త ఊడదీసి, వెనక నుంచి ఫోమ్ బయటకు లాగి, తొడుగు ఒక్కటే సబ్బు నీళ్లలో పిండి నీడన ఆరేసుకోవాలి. ఇంకో జత తొడుగులు కుట్టమని గుమస్తా అప్పుడే టైలరుకు చెప్పేశాడు.