కెమెరా కొంటే కెమెరా ఒక్కటే రాదు

మా బాబాయికి తణుకులో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, మధ్యలో పాస్‌పోర్టు ఫోటోలు. సెలవులొస్తే నేను రెండో కెమెరా పట్టుకుని ఆయన వెనకాల తిరుగుతాను. మొన్న సీజన్‌కి ముందు ఆయన లక్ష రూపాయల చీటీ పాడుకున్నాడు. "నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదరా, వీడియోకి మంచి కెమెరా ఏదో చెప్పు, కొనేద్దాం" అన్నాడు. నేను అరగంటలో చెప్పేశాను. రెండు వారాల తర్వాత నా సలహాని నేనే వెనక్కి తీసుకున్నాను. ఆ రెండు వారాల్లో నేర్చుకున్న లెక్కలే ఈ వ్యాసం.

మన కాలేజీలో కూడా షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు, ఇంట్లో డబ్బులడిగి కెమెరా కొందామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. నా చదువంతా ఇంగ్లీషు మీడియం. టెక్నికల్ మాటలకి తెలుగు వెతికి మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా, స్టూడియోలో అందరూ వాడే మాటలే వాడాను.

మా దగ్గర ఉన్నది, కావాలనుకున్నది

హైబ్రిడ్ కెమెరా అంటే ఫోటోలూ వీడియో రెండూ బాగా తీయగలిగే కెమెరా. మా దగ్గర రెండు సోనీ ఏ6400లు ఉన్నాయి. ఇది 2019లో వచ్చిన మోడల్. 4కే వీడియోని సెకనుకు గరిష్ఠంగా 100 మెగాబిట్ల చొప్పున, 8-బిట్‌లో రికార్డు చేస్తుంది. నేను చెప్పిన కొత్త తరం బాడీలు సెకనుకు 50 ఫ్రేములతో, 10-బిట్ 4:2:2లో రికార్డు చేస్తాయి.

ఈ అంకెలకి అర్థం ఏంటంటే, 8-బిట్‌లో ఒక్కో రంగుకి 2 పవర్ 8, అంటే 256 మెట్లు ఉంటాయి. 10-బిట్‌లో 1024. సాయంత్రం ఆకాశంలోనో, రిసెప్షన్ స్టేజీ వెనక గోడ మీదో రంగు మెల్లగా మారే చోట 8-బిట్ వీడియోని ఎడిటింగ్‌లో ఎక్కువగా లాగితే చారలు కనిపిస్తాయి. 10-బిట్‌లో ఆ చారలు రావడం చాలా తక్కువ. ఇక 4:2:0లో ప్రతి నాలుగు పిక్సెళ్లకీ కలిపి ఒకే రంగు సమాచారం ఉంటుంది, 4:2:2లో రెండు పిక్సెళ్లకి ఒకటి. వెలుతురు సమాచారం మాత్రం రెండింట్లోనూ ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది.

కాబట్టి లాభం నిజమే. నా తప్పల్లా లాభం వైపే చూడటం. కొనేముందు ఒక్కరోజు అద్దెకి తెచ్చి చూద్దామన్నది బాబాయి. ఒక ఓణీల ఫంక్షన్‌కి తెచ్చాం. కొత్త కెమెరా నా చేతిలో, పాతది ఆయన చేతిలో.

కార్డు నిండిన రోజు

ఫంక్షన్‌లో మేనమామ చీర పెట్టే సమయానికి నా స్క్రీన్ మీద కార్డు నిండిందని వచ్చింది. ఇంకో కార్డు బ్యాగులో ఉంది, బ్యాగు గది అవతల ఉంది. నేను వెళ్లి వచ్చేసరికి చీర పెట్టడం, మేనకోడలు కాళ్లకి దండం పెట్టడం, ఆయన కళ్లు తుడుచుకోవడం అన్నీ అయిపోయాయి. బాబాయి పాత కెమెరాలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం.

కార్డు తప్పేం లేదు. నేను చేయని భాగహారమే తప్పు. సెకనుకు 100 మెగాబిట్లు అంటే 8తో భాగిస్తే 12.5 ఎంబీ. నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ. 128 జీబీ కార్డు దాదాపు 2 గంటల 50 నిమిషాలు వస్తుంది. నాకు అలవాటైంది ఆ లెక్క. కొత్త కెమెరాలో నేను పెట్టిన మోడ్ 200 మెగాబిట్లది. గంటకి 90 జీబీ. అదే కార్డు 1 గంట 25 నిమిషాల్లో నిండిపోతుంది.

పైగా ప్రతి కార్డూ ప్రతి మోడ్‌కీ పనికిరాదు. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాయగలదని అర్థం. వీ60 అంటే 60, వీ90 అంటే 90. 200 మెగాబిట్లంటే సెకనుకు 25 ఎంబీ కాబట్టి వీ30 సరిపోతుంది. కానీ పానసోనిక్ జీహెచ్5లో ఉన్నలాంటి 400 మెగాబిట్ల ఆల్-ఇంట్రా మోడ్ వాడితే సెకనుకు 50 ఎంబీ కావాలి, అంటే వీ60 కార్డు. వీ30కి, వీ60కి ధరలో ఎంత తేడా ఉందో షాపులో అడిగి చూడండి.

కార్డు తర్వాత హార్డ్ డిస్కు. మా స్టూడియోలో ఒక పెళ్లికి ఒక కెమెరా మీద దాదాపు 4 గంటల వీడియో వస్తుంది. పాత లెక్కలో 180 జీబీ, కొత్త లెక్కలో 360. సీజన్‌కి 20 పెళ్లిళ్లు అనుకుంటే 3.6 టీబీ కాస్తా 7.2 టీబీ అవుతుంది. బాబాయి ఎప్పుడూ రెండు కాపీలు పెడతాడు. ఎందుకంటే పెళ్లైన రెండేళ్లకి ఎవరో ఒకరు వచ్చి "పెన్‌డ్రైవ్ పోయిందండీ, మళ్లీ ఇస్తారా" అంటారు. కాబట్టి 14.4 టీబీ. ఒక్క కెమెరాకే. సెకనుకు 120 ఎంబీ వేగంతో రాసే డిస్కు మీదకి 360 జీబీ ఎక్కించడానికి 50 నిమిషాలు పడుతుంది, రెండు కాపీలకి అంతకి రెట్టింపు. తెల్లవారుజామున 3 గంటల ముహూర్తం చూసుకుని ఇంటికొచ్చినవాడికి ఆ సమయం ఎంత బరువో నాకు తెలుసు.

కంప్యూటర్ మొండికేసింది

ఆ రాత్రి ఫైళ్లు ఎడిటింగ్‌లో వేసి ప్లే నొక్కితే, రెండు సెకన్లు కదలడం, మూడు సెకన్లు ఆగడం. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంది, ర్యామ్ ఉంది. మరెందుకు?

డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. హెచ్.265 లాంటి పద్ధతుల్లో ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచరు. ఒక ఫ్రేము పూర్తిగా దాచి, తర్వాతి వాటిలో మారినదాన్ని మాత్రమే రాస్తారు. మధ్యలో ఒక ఫ్రేము చూపించాలంటే దాని ముందువి, ఒక్కోసారి వెనకవి కూడా విప్పాలి. ఎడిటింగ్‌లో మనం ముందుకీ వెనక్కీ దూకుతూనే ఉంటాం కాబట్టి ఆ పని మళ్లీమళ్లీ జరుగుతుంది. దీనికోసం చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. అది అన్ని రకాలనీ విప్పలేదు. హెచ్.265 10-బిట్ 4:2:2ని ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్ విప్పగలదు, ఆపిల్ ఎం1 విప్పగలదు. ఎన్విడియా కార్డుల్లో అయితే ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చేదాకా ఆ సౌకర్యం లేదు. మా స్టూడియో కంప్యూటర్ 8వ తరంది. పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది.

దీనికి ప్రాక్సీలనే ఉపాయం ఉంది. చిన్న సైజు నకళ్లు తయారుచేసుకుని వాటితో ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లతో ఫైనల్ వీడియో తీయడం. ఖర్చు లేదు, కానీ సమయం, ఇంకొంత డిస్కు కావాలి. మాకు ప్రాక్సీలకే ఆ రాత్రంతా పట్టింది.

ఎండ ఖర్చు

కొత్త బాడీ కొనేవాళ్లు లాగ్ ప్రొఫైల్‌లో తీయాలనుకుంటారు. ఎక్కువ వెలుగునీడలు పడతాయి కాబట్టి అందులో ఎడిటింగ్‌కి చోటు ఉంటుంది. కానీ లాగ్‌లో ఐఎస్‌ఓ ఒక స్థాయి కంటే కిందికి దిగదు. ఆ స్థాయి 800 అనుకుందాం.

ఫిల్మ్ రోజుల నుంచి బాబాయి వాడే లెక్క ఒకటుంది. నిండు ఎండలో ఎఫ్/16 పెడితే షట్టర్ వేగం ఐఎస్‌ఓ అంకెతో సమానం. అంటే ఇక్కడ సెకనులో 800వ వంతు. కానీ 25 ఫ్రేముల వీడియోలో కదలిక సహజంగా కనబడాలంటే 50వ వంతు పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్ల మిణుకు పడకుండా కూడా అదే మంచిది. దాంతో వెలుతురు 16 రెట్లు పెరిగింది. వెనకాల మసకగా కావాలని ఎఫ్/2.8 పెడితే ఇంకో 32 రెట్లు. మొత్తం 512 రెట్లు ఎక్కువ. ఆ వెలుతురుని ఆపాలంటే లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. దాదాపు 9 స్టాపులది. తిప్పితే చీకటి పెరిగే రకం చవకలో కొంటే, వైడ్ లెన్సు మీద ఇంటూ గుర్తులా నల్లటి నీడ పడుతుంది. కాబట్టి అదీ మంచిదే కొనాలి. లెన్సుల ముందు భాగాల సైజులు వేరైతే రింగులు కూడా.

పాత సామాను ఏమవుతుంది

మా ఏ6400లకి వాడేది ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 బ్యాటరీ. కొత్త తరానివి ఎన్‌పీ-ఎఫ్‌జడ్100తో నడుస్తాయి. అది 1020 ఎంఏహెచ్, ఇది 2280, కాబట్టి కొత్తదే మెరుగు. కానీ మా దగ్గరున్న ఎనిమిది పాత బ్యాటరీల్లో ఒక్కటీ కొత్త బాడీలో పట్టదు. బరువు కూడా చూసుకోవాలి. ఏ6400 బ్యాటరీతో 403 గ్రాములు, ఏ6700 493 గ్రాములు. చిన్న గింబల్ మీద పెద్ద లెన్సు ఉంటే ఆ 90 గ్రాములూ లెక్కలోకి వస్తాయి. లెన్సులు అవే పనికొస్తాయి, అదొక అదృష్టం. అదే ఫుల్ ఫ్రేముకి మారితే? ఏ7 4లో 33 మెగాపిక్సెళ్లుంటాయి. మా ఏపీఎస్-సీ లెన్సులు పెడితే ఫోటో 14కి పడిపోతుంది.

రెండు కెమెరాల్లో ఒకటే మారిస్తే ఇంకో బాధ ఉంది. ఆ ఫంక్షన్‌లో నా ఫుటేజీలో ఓణీ ముదురు ఆకుపచ్చ, బాబాయి ఫుటేజీలో నెమలి రంగు. రెండూ కలపడానికి ప్రతి కట్ దగ్గరా రంగు సరిచేయాల్సి వచ్చింది.

ఇక హైబ్రిడ్‌లో రెండో సగం, ఫోటోలు. వీడియో కోసం తయారైన కొన్ని బాడీల్లో ఫోటోల వైపు కోత ఉంటుంది. 2024లో వచ్చిన సోనీ జడ్‌వీ-ఈ10 2లో 10-బిట్ వీడియో ఉంది, కానీ మెకానికల్ షట్టర్ లేదు, వ్యూఫైండర్ లేదు. మెకానికల్ షట్టర్ లేకపోతే సెన్సార్ వరస తర్వాత వరస చదువుతుంది కాబట్టి ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోల మీద అడ్డచారలు పడే ప్రమాదం ఉంది. మన రిసెప్షన్ స్టేజీ అంటేనే ఎల్ఈడీ. ఆల్బమ్ డబ్బులతో బతికే స్టూడియోకి ఇది చిన్న విషయం కాదు. యూట్యూబ్ వీడియోలే చేసేవాళ్లకి ఇదసలు విషయమే కాదు.

మొత్తం కూడితే

ఆదివారం ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చున్నాం. గుండ్రంగా చెప్తాను, మీరు మీ ఊరి ధరలు వేసుకోండి. బాడీ లక్ష అనుకుంటే కార్డులు, డిస్కులు, బ్యాటరీలు, ఫిల్టర్, కంప్యూటర్ మార్పు కలిపి ఇంకో 80 వేలు తేలింది. "ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు బాబాయి. నా దగ్గర జవాబు లేదు. చీటీ ముందే పాడినవాడు మిగతా నెలల వాయిదాలు కడుతూనే ఉండాలి, ఆ సంగతి కూడా నేను ఆలోచించలేదు.

తర్వాత ఆయనే అసలు ప్రశ్న అడిగాడు. "మరి పెళ్లికి ఎంత ఎక్కువ అడగగలం?" మా ఊళ్లో 3 వేలు అడగొచ్చు. 1,80,000ని 3,000తో భాగిస్తే 60 పెళ్లిళ్లు. ఏడాదికి 20 అనుకుంటే మూడేళ్లు. అది కూడా ప్రతి పార్టీ ఆ 3 వేలూ ఇస్తే.

ఓణీల ఫంక్షన్ వీడియో ఇచ్చినప్పుడు వాళ్లు కూర్చుని మొత్తం చూశారు. ఏది కొత్త కెమెరాదో ఏది పాతదో ఎవరూ అడగలేదు. అమ్మాయి వాళ్లమ్మ మేనమామ చీర పెట్టే దగ్గర రెండుసార్లు వెనక్కి తిప్పించుకుంది. అది పాత కెమెరాలోది. ఆవిడ అడిగింది ఒక్కటే: "మా అమ్మ దీవించేటప్పుడు ఏదో అంది కదా బాబూ, సన్నాయిలో వినపడట్లేదు. కొంచెం పెంచుతారా?" ఎంత పెంచినా సన్నాయే పెరిగింది. ఆ ముసలావిడ మాట మా దగ్గర లేదు.

కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

ఒకటి, ఇప్పుడున్న కెమెరాతో చేయలేకపోతున్న పని ఏంటి? ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆగండి.

రెండు, నేను వాడబోయే మోడ్ సెకనుకు ఎన్ని మెగాబిట్లు? 8తో భాగించి, గంటకి ఎన్ని జీబీయో, ఏ కార్డు కావాలో, ఏడాదికి ఎన్ని డిస్కులో రాయండి.

మూడు, ఆ ఫైలు నా కంప్యూటర్‌లో ఆడుతుందా? షాపువాళ్లనో, ఆ కెమెరా ఉన్న స్నేహితుణ్నో అడిగి ఒక నిమిషం ఫైలు తెచ్చుకుని ఆడించి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

నాలుగు, బ్యాటరీలు, లెన్సులు, గింబల్, ఫిల్టర్లలో ఏవి మిగులుతాయి?

ఐదు, ఫోటోల వైపు ఏం పోతోంది?

ఆరు, ఈ ఖర్చు ఎన్ని పనుల్లో తిరిగి వస్తుంది? డబ్బు కోసం తీయనివాళ్లు, ఎన్ని సినిమాలు తీస్తే గిట్టుబాటో అడగండి.

ఏడు, ఒక్కరోజైనా అద్దెకి తెచ్చి నిజమైన పనిలో వాడానా?

ఇవన్నీ దాటి కూడా కొత్త బాడీ కావాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి. 10-బిట్ అవసరమైనవాళ్లు ఉన్నారు. రంగు మీద ఎక్కువ పనిచేసే షార్ట్ ఫిల్ము వాళ్లకి అది నిజంగా తేడా చూపిస్తుంది.

మేం బాడీ కొనలేదు. చీటీ డబ్బులో పావు వంతు పెట్టి కాలర్ మైకుతో చిన్న రికార్డర్, రెండు హార్డ్ డిస్కులు, ఒక ఎన్‌డీ ఫిల్టర్ తెచ్చాం. మిగతాది వాయిదాలకి బ్యాంకులో వేశాడు. ప్రత్యేకంగా అడిగిన పార్టీలకి కొత్త కెమెరా అద్దెకి తెస్తాం, అద్దె బిల్లులో కలుపుతాం. ఈ సీజన్‌లో అలా నలుగురు అడిగారు. ఏడాదిలో పదిమంది దాటితే కొనాలని షీట్ కింద రాసిపెట్టుకున్నాం.

మొన్న ఒక పెళ్లిలో కన్యాదానం దగ్గర మైకు పెళ్లికూతురి తాతగారికి పెట్టాం. మంత్రాల మధ్యలో ఆయన మెల్లగా "చిన్నప్పుడు నా భుజం మీదే నిద్రపోయేది" అన్నారు. అంత మేళంలోనూ అది స్పష్టంగా రికార్డయింది. ఇంటికొచ్చాక బాబాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, ఫైలు రెండు డిస్కుల్లోకీ ఎక్కిందా లేదా అని నన్ను రెండుసార్లు అడిగాడు.