కరెంటు పోయినా రోగి గదిలో దీపం ఆరకూడదు



ఇంట్లో మంచం పట్టిన పెద్దవారో, బాలింతో ఉన్నప్పుడు రాత్రివేళ కరెంటు పోతే అది చిన్న ఇబ్బంది కాదు. బాత్‌రూమ్‌కు లేచిన పెద్దవారు చీకట్లో పడితే తుంటి ఎముక విరగవచ్చు. ఇన్సులిన్ సిరంజి మీద గీతలు కనబడవు. ఆక్సిజన్ వాడే రోగి దగ్గర కొవ్వొత్తి గాని, కిరోసిన్ దీపం గాని వెలిగిస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. కనుక ఎవరూ లేచి స్విచ్ వేయకుండానే, తనంతట తాను బ్యాటరీకి మారే దీపం అవసరం. దానిని ఎలా అమర్చుకోవాలో ఈ పాఠంలో తెలియజేస్తున్నాము.

ఎలా పనిచేస్తుంది?

ఇందులో ముఖ్యమైనది రిలే. దాని లోపల కాయిల్ అనే తీగచుట్ట ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు అది అయస్కాంతంలా ఒక రేకును లాగి పట్టుకుంటుంది. దీపం అడాప్టర్ మీద వెలుగుతుంది. కరెంటు పోగానే పట్టు సడలి, స్ప్రింగు ఆ రేకును వెనక్కి లాగుతుంది. దీపం బ్యాటరీకి కలుస్తుంది.

కావలసినవి

12 వోల్టుల 1 ఆంపియర్ డి.సి. అడాప్టర్, 12 వోల్టుల 7 ఏ.హెచ్. సీల్డ్ బ్యాటరీ, దానికి తగిన ఆటోమేటిక్ ఛార్జర్, 12 వోల్టుల డి.సి. రిలే, 12 వోల్టుల 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపం, 1ఎన్4007 డయోడ్, 2 ఆంపియర్ల ఫ్యూజు.

కలిపే పద్ధతి

1. అడాప్టర్, బ్యాటరీ, దీపం – మూడింటి నెగటివ్ వైర్లను ఒకచోట కలపాలి.

2. దీపం పాజిటివ్ వైరును రిలేలో ‘కామన్’ కాలికి కలపాలి.

3. అడాప్టర్ పాజిటివ్‌ను ‘ఎన్.ఓ.’ కాలికి, బ్యాటరీ పాజిటివ్‌ను ఫ్యూజు ద్వారా ‘ఎన్.సి.’ కాలికి కలపాలి. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి.

4. కాయిల్ రెండు కాళ్లను అడాప్టర్‌కే కలపాలి. బ్యాటరీకి కలిపితే కరెంటు పోయినా రిలే మారదు.

5. డయోడ్‌ను కాయిల్‌కు అడ్డంగా, గీత ఉన్న కొన పాజిటివ్ వైపు ఉండేలా పెట్టాలి.

6. ఛార్జర్‌ను నేరుగా బ్యాటరీకి కలపాలి. ఈ బ్యాటరీ నిండుగా ఉండాలంటే సుమారు 13.6 వోల్టులు కావాలి. 12 వోల్టుల అడాప్టర్ ఆ పని చేయలేదు.

బ్యాటరీలో సగమే వాడినా ఈ దీపం సుమారు 8 గంటలు వెలుగుతుంది. రోజూ పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

జాగ్రత్తలు

పైన చెప్పిన కలపడమంతా 12 వోల్టుల వైపే. 230 వోల్టుల వైరింగ్‌ను మీరు ముట్టుకోవద్దు. ప్లగ్ పాయింటు కావాలంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బ్యాటరీని పిల్లలకు అందకుండా, గాలి ఆడే చోట ఉంచండి. ఇది దీపానికి మాత్రమే. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, సక్షన్ యంత్రం వంటివి దీనికి తగిలించవద్దు. ఆక్సిజన్ మీద ఉన్నవారు కరెంటు పోయినప్పుడు ఏమి చేయాలో డాక్టరు గారిని ముందే అడిగి, నిండు సిలిండరు సిద్ధంగా ఉంచుకోవాలి.

నెలకొకసారి పరీక్ష

అడాప్టర్, ఛార్జర్ రెండింటి ప్లగ్గులు తీసి, దీపం 2 గంటలు వెలుగుతుందేమో చూడండి. ముందే మసకబారితే బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్లే. దీపం వెలుగు మంచం నుండి బాత్‌రూమ్ గుమ్మం దాకా పడుతుందో లేదో కూడా ఆ రాత్రే చూసుకోండి.