స్టాక్ స్విచ్‌లలో మార్పులు: నెట్‌వర్క్ ఆగకుండా ఎలా చేయాలి?

సిస్కో క్యాటలిస్ట్ 9300 స్విచ్‌లను స్టాక్ కేబుళ్లతో ఎనిమిదింటిదాకా కలిపి ఒకే స్విచ్‌లా నడపవచ్చు. వాటిలో ఒకటి యాక్టివ్, ఒకటి స్టాండ్‌బై, మిగతావి మెంబర్లు. యాక్టివ్ పోతే స్టాండ్‌బై అందుకుంటుంది. ఇది చూసి కొత్తవాళ్లు ధీమాగా ఉంటారు. కానీ కాన్ఫిగరేషన్ అన్నిటికీ కలిపి ఒక్కటే. ఉమ్మడి కుటుంబంలో కూరలో ఉప్పు ఎక్కువైతే అందరి కంచాల్లోనూ ఎక్కువే కదా! మీరు కొట్టిన తప్పు లైను స్టాండ్‌బైకి కూడా అప్పటికప్పుడే చేరిపోతుంది. పెట్టె పాడైతే స్టాక్ కాపాడుతుంది, చెయ్యి జారితే కాపాడదు. అందుకే మార్పు చేసే ముందే వెనక్కి వచ్చే దారి సిద్ధం చేసుకోవాలి.

సీసీ కెమెరాల కోసం వీలాన్ 30 కొత్తగా పెట్టి, దాన్ని కోర్ స్విచ్ వైపు వెళ్లే ట్రంక్‌లో చేర్చాలనుకుందాం.

1. ముందు ఆరోగ్యం చూడండి. ‘షో స్విచ్’ కొడితే ప్రతి మెంబరూ రెడీ అని కనబడాలి. ‘షో స్విచ్ స్టాక్-పోర్ట్స్’లో అన్నీ ఓకే ఉండాలి. ఒక కేబుల్ ఊడినా స్టాక్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రెండోది కూడా ఊడితే స్టాక్ రెండు ముక్కలై, ఒకే ఐపీతో రెండు స్విచ్‌లు తయారవుతాయి. ఆ తర్వాత ‘షో ఈథర్‌చానెల్ సమ్మరీ’. కోర్‌కు వెళ్లే రెండు లింకులూ వేర్వేరు మెంబర్ల నుంచి వెళ్తున్నాయా? రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఆ పెట్టెతోపాటే రెండూ పోతాయి. ఇలాంటి లోపం కనబడితే ఈ రోజు పని అదే, వీలాన్ సంగతి రేపు.

2. బ్యాకప్ బయటికి తీయండి. ఫ్లాష్‌లోకి కాపీ చేస్తే అది యాక్టివ్ స్విచ్ ఫ్లాష్‌లోనే ఉంటుంది. ఆ స్విచ్ పోతే బ్యాకప్ కూడా దానితోనే పోతుంది. సర్వర్‌లోకో, మీ ల్యాప్‌టాప్‌లోకో తెచ్చుకోండి.

3. గడియారం పెట్టుకుని లోపలికి వెళ్లండి. చాలామంది వదిలేసేది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ముందుగా ‘ఆర్కైవ్’ కింద పాత్ ఇచ్చి ఉంచాలి. ఆపైన మామూలు ‘కాన్ఫిగర్ టెర్మినల్’ బదులు ‘కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్ 5’ అని కొట్టండి. ఐదు నిమిషాల్లోగా మీరు ‘కాన్ఫిగర్ కన్ఫర్మ్’ అనకపోతే స్విచ్ తనంతట తానే పాత కాన్ఫిగరేషన్‌కు వెళ్లిపోతుంది. మీ రిమోట్ కనెక్షన్ తెగిపోయినా భయం లేదు. జునిపర్ పరికరాల్లో ఇదే పనికి ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ ఉంది. అక్కడ గడువు చెప్పకపోతే పది నిమిషాలు. ‘రీలోడ్ ఇన్ 10’ పెట్టుకోమని పాతవాళ్లు సలహా ఇస్తారు. ఒంటరి స్విచ్‌కు సరే, స్టాక్‌లో అది అన్ని పెట్టెలనూ ఒకేసారి రీస్టార్ట్ చేస్తుంది.

4. మార్పు చేయండి. ముందు వీలాన్ 30 సృష్టించండి, తర్వాత ట్రంక్‌కు వెళ్లండి. విడివిడి పోర్టుల మీద కాకుండా పోర్ట్-చానెల్ మీద చేయండి. కమాండ్ ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 30’. ఆ ‘యాడ్’ మరిచిపోతే పాత వీలాన్లన్నీ జాబితాలోంచి ఎగిరిపోయి 30 ఒక్కటే మిగులుతుంది. ఆఫీసు మొత్తం నిశ్శబ్దం. ఈ వృత్తిలో ఇంతమందిని ఏడిపించిన మాట ఇంకొకటి లేదేమో.

5. చూసి, ఖాయం చేసి, సేవ్ చేయండి. కెమెరాకు పింగ్ వెళ్తోందా, పాత వీలాన్లు ఎప్పటిలాగే పనిచేస్తున్నాయా చూడండి. అంతా బాగుంటేనే కన్ఫర్మ్, ఆ తర్వాతే ‘రైట్ మెమరీ’.

కొన్ని మార్పులకు ఈ పద్ధతి చాలదు. స్విచ్ ప్రయారిటీ మార్చడం వల్ల అప్పటికప్పుడు ఏమీ కాదు, యాక్టివ్‌ను ఎంచుకునే తర్వాతి ఎన్నికలో మాత్రమే లెక్కలోకి వస్తుంది. మెంబరు నంబరు మార్చాలంటే ఆ మెంబరు రీలోడ్ కావాలి. పోర్టుల పేర్లు కూడా మారిపోతాయి కాబట్టి నడుస్తున్న స్టాక్‌లో ఆ పని పెట్టుకోకండి. ఒక్క మెంబరునే రీలోడ్ చేయాలంటే ‘రీలోడ్ స్లాట్ 2’ అనాలి, ఉత్త ‘రీలోడ్’ అంటే స్టాక్ అంతా పడుకుంటుంది. కొత్త స్విచ్‌ను చేర్చేటప్పుడు దాని కరెంటు ఆపి, కేబుళ్లు బిగించి, ఆ తర్వాత ఆన్ చేయాలి. ఆన్‌లో ఉండగా కలిపితే మళ్లీ ఎన్నిక జరిగి ఓడిన పక్షం రీలోడ్ అవుతుంది. ఆ ఓడేది మీ పాత స్టాకే కావచ్చు.

సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ వీటన్నిటికన్నా వేరు. మామూలు పద్ధతిలో 9300 స్టాక్ మొత్తం రీలోడ్ కావాల్సిందే. ఆ పనికి మాత్రం ‘అస్సలు ఆగదు’ అని మేనేజర్‌కు మాట ఇవ్వకండి, మెయింటెనెన్స్ విండోను రాతపూర్వకంగా తీసుకోండి.