అక్వేరియంలో నిజమైన మొక్కలు: మొదట అడుగు, ఆ తర్వాతే ఆకులు

మా ఇంటికి వచ్చిన సహోద్యోగులు హాల్లో ఉన్న రెండడుగుల అక్వేరియం చూసి సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "ఇవి ప్లాస్టిక్ మొక్కలా?" అన్నది మొదటిది. కావని చెప్పగానే "మేమూ పెట్టాం, నెల తిరక్కుండానే కుళ్ళిపోయాయి. ఎక్కడ పొరపాటు జరిగిందంటారు?" అన్నది రెండోది. ఆ రెండో ప్రశ్నకు జవాబు నాకు బాగా తెలుసు. మొదటిసారి మా ఇంట్లోనూ అదే జరిగింది.

అప్పుడు నేను చేసిన తప్పులు మూడు. తెల్లగా అందంగా ఉన్నాయని పాలరాతి ముక్కలు అడుగున పరిచాను. మొక్కలకు ఎరువు కావాలి కదా అని వాటి కింద నాలుగు దోసిళ్ళ వర్మీకంపోస్టు వేశాను. అమ్మాయి తొందరపెడుతోందని అదే సాయంత్రం ఎనిమిది గప్పీ చేపలను వదిలాను. మూడో రోజుకు నీరు తెల్లబడింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకున్నాయి. వారం లోపల ఒక్కటీ మిగల్లేదు. "నాన్నా, మనం వాటికి ఏం చేశాం?" అని అమ్మాయి అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం వెతుక్కుంటూ నేర్చుకున్నదే ఈ వ్యాసం.

అడుగున ఏం పరచాలి?

అక్వేరియం అడుగున పరిచే పదార్థానికి రెండు పనులు ఉన్నాయి. మొక్క వేళ్ళకు పట్టు ఇవ్వాలి. నీటిని శుద్ధి చేసే మేలుచేసే బాక్టీరియాకు ఇల్లు కావాలి. కొత్తవారికి నా సలహా ఒక్కటే: ముతక నది ఇసుక, లేదా రంగు వేయని సన్నని క్వార్ట్జ్ గులక. రేణువు పరిమాణం 1 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు. పిండిలాంటి ఇసుక గట్టిగా బిగుసుకుపోతుంది. లోపలికి నీరు కదలక, కుళ్ళిన గుడ్డు వాసన వేసే వాయువు పుడుతుంది. మరీ పెద్ద గులకరాళ్ళయితే మొక్కకు పట్టు దొరకదు, చేపలు తినగా మిగిలిన మేత సందుల్లోకి జారి కుళ్ళుతుంది.

ఇల్లు కట్టేచోట నుంచి ఇసుక తెచ్చుకుంటే, పాత జల్లెడతో దుమ్ము తీసేసి బకెట్‌లో పదేపదే కడగాలి. నీరు తేటగా వచ్చేదాకా, అంటే పది పన్నెండు సార్లయినా సరే. సముద్రపు ఇసుక మాత్రం వద్దు. అందులో ఉప్పుతో పాటు గవ్వల పొడి ఉంటుంది.

మనం ఖాతా తెరిచే ముందు కేవైసీ చూసినట్టే, ఇసుకకూ ఒక పరీక్ష ఉంది. పొడి ఇసుక చెంచాడు తీసుకుని దానిమీద తెల్ల వెనిగర్ పోయండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు. అలాంటి ఇసుక, పాలరాయి, పగడపు ముక్కలు నీటిలో నెమ్మదిగా కరిగి దాని కాఠిన్యాన్ని పెంచుతాయి. మన ఊళ్ళలో బోరు నీరు అసలే కఠినం. దానికి ఇది తోడైతే చాలా మొక్కలు ఎదగడానికి ఇబ్బంది పడతాయి.

ఎంత మందం?

ముందువైపు 4 సెంటీమీటర్లు, వెనకవైపు 7 లేదా 8 సెంటీమీటర్లు ఉండేలా వాలుగా పరచండి. సగటున 6 అనుకుందాం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టికి 60 × 30 × 6, అంటే 10,800 ఘన సెంటీమీటర్లు, దాదాపు 11 లీటర్ల ఇసుక. బరువులో సుమారు 16, 17 కిలోలు. 30 సెంటీమీటర్ల ఎత్తున్న తొట్టి అయితే నీరు, గాజు, ఇసుక కలిపి దాదాపు 70 కిలోలవుతుంది. టీవీ స్టాండ్ మీద పెట్టే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

ఇసుకలో మొక్కకు తిండి లేదు కదా అంటారా? నిజమే. చేపల వ్యర్థాలు కొంత తీరుస్తాయి. వేళ్ళతో ఎక్కువ తినే మొక్కల దగ్గర రెండు మూడు నెలలకోసారి ఒక రూట్ ట్యాబ్లెట్ లోతుగా గుచ్చితే సరిపోతుంది. షాపుల్లో దొరికే ఆక్వా సాయిల్ మంచిదే, కానీ ఖరీదెక్కువ. మొదటి వారాల్లో అది అమోనియా వదులుతుంది, ఏడాది రెండేళ్ళకు దాని సారం తగ్గిపోతుంది. తోటమట్టి ఒక అంగుళం వేసి, పైన అంగుళం ఇసుక కప్పే పద్ధతిని డయానా వాల్‌స్టాడ్ 1999లో వచ్చిన తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చారు. చౌకైన పద్ధతే. అయితే మొక్కను పీకిన ప్రతిసారీ నీరు బురదవుతుంది. రెండో తొట్టికి ప్రయత్నించండి. ఏ పద్ధతిలోనైనా పేడ, యూరియా, వర్మీకంపోస్టు మాత్రం వేయకండి. వాటినుంచి వెలువడే అమోనియానే మా గప్పీల ప్రాణం తీసింది.

తేలికగా బతికే మొక్కలు

వాలిస్నేరియా: రిబ్బన్ లాంటి పొడవాటి ఆకులు. మన చెరువుల్లో, నదుల్లో పెరిగేదే. కఠిన జలం దీనికి ఇబ్బంది కాదు. వెనకవైపు నాటండి. వేళ్ళు మాత్రమే ఇసుకలో ఉండాలి, ఆకులు మొదలయ్యే తెల్లటి మొదలు పైకి కనబడాలి. పిలకలు వేస్తూ తానే విస్తరిస్తుంది.

నీటి విస్టీరియా: ఇదీ మన ఉపఖండపు మొక్కే. కొమ్మ తుంచి, కింది ఆకులు తీసేసి గుచ్చితే వేళ్ళు వస్తాయి. వేగంగా పెరుగుతుంది కాబట్టి నాచుకు తిండి మిగల్చదు.

క్రిప్టోకొరైన్ వెండ్టై: శ్రీలంక మొక్క. తక్కువ వెలుతురు చాలు. నాటిన కొద్దిరోజులకు ఆకులన్నీ కరిగిపోయినట్టవుతాయి. చచ్చిపోయిందని పీకేయకండి. వేళ్ళు బతికే ఉంటాయి, మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకులు వస్తాయి.

అనుబియాస్, జావా ఫెర్న్: వీటికి అల్లం కొమ్ము లాంటి అడ్డకాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది. రాయికో, చెక్కకో దారంతో కట్టండి.

హార్న్‌వర్ట్: వేళ్ళే లేని మొక్క. నీటిలో వదిలేస్తే చాలు, అమోనియాను ఆబగా పీల్చుకుంటుంది.

ఎర్ర మొక్కలు, పచ్చిక తివాచీలా పరుచుకునే మొక్కలు ఇప్పుడే వద్దు. చాలావాటికి బలమైన వెలుతురు, అదనంగా కార్బన్ డయాక్సైడ్ కావాలి. లక్కీ బాంబూ లాంటి నేల మొక్కలను కూడా కొన్నిచోట్ల అక్వేరియం మొక్కలుగా అమ్ముతారు. పూర్తిగా ముంచితే కుళ్ళుతాయి.

తొందరపడకపోవడమే అసలు ఖర్చు

మొదటి రోజే వీలైనన్ని మొక్కలు నాటండి, చేపలు మాత్రం వదలకండి. అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికీ ఆహారం కావాలి, అందుకని రోజూ చిటికెడు చేప మేత వేస్తూ ఉండండి. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక మూడు నాలుగు చేపలతో మొదలుపెట్టండి. లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా ఉంచండి. వారానికోసారి నాలుగోవంతు నీరు మార్చండి. కుళాయి నీరయితే క్లోరిన్ విరిచే మందు కలపడం మరవద్దు.

మా రెండో తొట్టి ఆరు వారాలు చేపల్లేకుండానే ఉంది. "ఇసుకకు లైటు వేసి చూస్తున్నారేమిటి?" అని ఇంటికొచ్చినవాళ్ళు నవ్వారు. అమ్మాయి మాత్రం రోజూ కొత్త ఆకులు లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాసేది. ఏడో వారంలో నాలుగు గప్పీలు తెచ్చాం. మరో రెండు నెలలకు విస్టీరియా పొదలో ఆవగింజంత కళ్ళతో పిల్లలు కనబడ్డాయి.

చివరిగా ఒక మాట. కత్తిరించిన కొమ్మలను చెరువులోనో కాలువలోనో పారేయకండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఎలా కమ్మేసిందో చూస్తూనే ఉన్నాం. మిగిలినవాటిని బాగా ఎండబెట్టి చెత్తలో వేయండి, లేదా మరొకరికి ఇవ్వండి. తడి పేపరులో చుట్టి కవర్లో పెడితే రెండు రోజుల ప్రయాణం తట్టుకుంటాయి. మనలాంటి బదిలీ ఉద్యోగులకు ఇంతకన్నా తేలికగా మోసుకెళ్ళగల తోట ఇంకోటి ఉండదు.