నీ ఫోన్‌లో మా అందరి గుట్టు

గుంటూరు

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ మెయిల్ అందింది. సంక్రాంతికి వస్తున్నావన్న ముక్క మళ్లీ మళ్లీ చదువుకుని మురిసిపోయాను. ఆ మురిపెం తీరాక చివర్లో నువ్వు రాసిన మాట కంటబడింది. "అమెరికా తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఫోన్లు చూస్తున్నారట, చూస్తే చూడనీ పెద్దమ్మా, నా దగ్గర దాచుకోవడానికి ఏముంది" అని. దానికి తోడు మొన్న మీ అత్త ఫోన్ చేసి, వాళ్ల ఎదురింటి అబ్బాయిని షికాగోలో ఐదు గంటలు కూర్చోబెట్టి ఫోనంతా గాలించారని చెప్పింది. మీ అత్త ఐదు గంటలంటే గంటన్నర అయి ఉంటుంది, ఆవిడ లెక్కలు మనకు తెలియనివి కావు. అయినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీ దగ్గర దాచుకోవడానికి ఏమీ లేకపోవచ్చు తల్లీ. మాకు ఉంది. నా స్కానింగ్ రిపోర్టు ఫొటో తీసి మీ డాక్టరు స్నేహితురాలికి చూపించమని నీకే పంపాను. మీ అమ్మ ఏటీఎం పిన్ను నీకు వాట్సాప్‌లో పెట్టి, కింద "జాగ్రత్త" అని కూడా రాసింది. పొన్నూరు పొలం పాసుపుస్తకం, మీ నాన్న ఆధారు, కోర్టు కాగితాలు, అన్నీ నీ గ్యాలరీలోనే ఉన్నాయి. ఆ కాగితాల కోసం మీ నాన్న ఎంత అవస్థ పడ్డాడో నీకు వేరే చెప్పాలా? ఇక నీ రూమ్మేటు తన బాధ నీతో చెప్పుకుంటూ పంపిన మెసేజిలున్నాయి. వాటి సంగతి నువ్వు నాకు రాశావు, నేను ఇక్కడ మళ్లీ రాయను. ఫోన్ నీ పేరు మీద ఉన్నంత మాత్రాన అందులో ఉన్న మా మాటలన్నీ నీవి అయిపోవు.

ఈ విషయంలో నాకు చాదస్తం ఎక్కువే. ట్రంకు బోర్డు ముందు పెరిగిన చాదస్తం అది. నేను టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగంలో చేరింది 1976లో, ఎమర్జెన్సీ రోజులు. చెవులకు హెడ్‌సెట్టు, ఎదురుగా బోర్డు, చేతిలో కార్డులు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని కాల్ బుక్ చేసుకునేవాళ్లు. బొంబాయి లైను దొరికేసరికి తెల్లారేది. కలిపాక మాట వినబడుతోందో లేదో చూడ్డానికి ఒక్క క్షణం లైన్లోకి వెళ్లాలి, మూడు నిమిషాలు కాగానే "త్రీ మినిట్స్ ఓవర్" అనడానికి మళ్లీ వెళ్లాలి. ఆ క్షణాల్లోనే ఎన్ని చావులు, ఎన్ని అప్పులు చెవిన పడేవో. చేరిన మొదటి వారంలోనే మా సూపర్‌వైజరమ్మ, ఆవిడ మద్రాసు మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది, "విన్నది బోర్డు కాడే వదిలి పో" అంది. టెలిగ్రాఫ్ చట్టం 1885 నాటిది, బయటికి చెబితే జైలుకెళతామని కూడా అంది. మాకు చట్టం కంటే ఆవిడంటేనే ఎక్కువ భయం.

ఒక రాత్రి డ్యూటీలో మన వీధిలో అమ్మాయికి కుదిరిన సంబంధం వాళ్ల కాల్ నా బోర్డు మీదికే వచ్చింది. పెళ్లికొడుకు వైపు పెద్దమనిషి హైదరాబాదులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ ఒక్క క్షణంలో నేను విన్న మాట ఆ అమ్మాయి తండ్రికి తెలిస్తే లగ్నపత్రిక చింపేసేవాడు. పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే ఆయనే వీధి చివర ఎదురయ్యాడు, "ఏమ్మా, రాత్రి డ్యూటీయా" అని నవ్వుతూ పలకరించాడు. తర్వాత ఏం జరిగిందీ, నేను చెప్పానా చెప్పలేదా అన్నది మీ అమ్మకే తెలీదు. నీకూ చెప్పను.

సరే, అసలు సంగతికొస్తాను. మీ అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఆ అమెరికా నిబంధనలన్నీ చదివించాను. వాడు విసుక్కున్నాడు, అయినా చదివాడు. 2024 ఆర్థిక సంవత్సరంలో అక్కడి కస్టమ్స్ వాళ్లు చూసిన ఫోన్లు, లాప్‌టాప్‌లు 47 వేల పైచిలుకు. వచ్చిన ప్రయాణికులేమో 42 కోట్లు. అంటే నీ దాకా రాకపోవడానికే ఎక్కువ అవకాశం. కానీ 2023 ఆగస్టులో మన దేశపు పిల్లల్ని ఒక్కరోజే 21 మందిని తిప్పి పంపారు చూడు, వాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. వాట్సాపు కూడా చూశారని పేపర్లలో వచ్చింది. ఆ పిల్లల తల్లులకు 42 కోట్ల లెక్క చెబితే ఊరడిల్లుతారా?

వాళ్ల 2018 నిబంధనల ప్రకారం తనిఖీ రెండు రకాలు. ఆఫీసరు చేత్తో తిప్పి చూసేది మొదటిది. దానికి ఏ అనుమానమూ అక్కర్లేదు, ఊరికే చూడొచ్చు. రెండోది మిషనుకు తగిలించి లోపలున్నదంతా తోడుకునేది. దానికి తగిన అనుమానమో, దేశ భద్రత కారణమో ఉండాలి, పై అధికారి ఒప్పుకోవాలి. అలా తోడుకున్నది 15 ఏళ్లు ఉంచుకుంటారని 2022లో బయటపడింది. అప్పటికి నీ పిల్లలు బడికెళుతుంటారు, నా స్కానింగ్ రిపోర్టు మాత్రం ఇంకా అక్కడే ఉంటుంది. పోలీసులు అరెస్టు చేసిన మనిషి ఫోన్ చూడాలంటే వారెంటు కావాలని వాళ్ల సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది, కానీ సరిహద్దుకు ఆ రక్షణ పూర్తిగా రాలేదు. బోస్టన్ అప్పీలు కోర్టు 2021లో వారెంటు అక్కర్లేదంది, 2024 జులైలో న్యూయార్కు ఫెడరల్ జడ్జి ఒకరు వారెంటు ఉండాల్సిందే అన్నారు. కోర్టులు తేల్చుకునే దాకా నువ్వు క్యూలో నిలబడలేవు కదా.

పైగా నువ్వు అబుదాబీ మీదుగా టికెట్టు తీశావు. అక్కడే అమెరికా వాళ్ల ఇమిగ్రేషన్ అయిపోతుందని, డల్లాసులో దిగాక ఇంకేమీ ఉండదని నువ్వు సంబరపడ్డావు. నిజమే, కానీ ఏదైనా తిరకాసు వస్తే ఆగిపోయేది కూడా అబుదాబీలోనే. నీ స్నేహితులు అక్కడుండరు.

పాస్‌కోడ్ అడిగితే ఇవ్వాలా అని నువ్వు అడగలేదు గానీ నేనే చెబుతాను. మీ బావ అమెరికా సిటిజన్. ఆయన ఇవ్వనంటే ఫోన్ అట్టిపెట్టుకుంటారేమో గాని మనిషిని ఆపలేరు. నువ్వు స్టూడెంటు వీసా మీద ఉన్నదానివి. కాదంటే వెనక్కి పంపే అధికారం వాళ్లకుంది. ఆ గుమ్మంలో నిలబడి హక్కుల గురించి వాదించమని నేను చెప్పలేను, నా కడుపున పుట్టిన పిల్లకైనా చెప్పను. అందుకే మోసుకెళ్లేదే తగ్గించుకో అంటున్నాను. వాళ్లు ఫోన్లో ఉన్నదే చూడాలి, క్లౌడ్‌లో ఉన్నది తెరవకూడదు. అందుకని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించి చూడాలని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. పెట్టకపోతే నువ్వే మర్యాదగా గుర్తుచెయ్యి. కోడ్ నోటితో చెప్పకు, నువ్వే నొక్కి ఇవ్వు. చెప్పాల్సి వస్తే బయటికి రాగానే మార్చెయ్యి. అది నీ పుట్టినరోజు కాదు కదా? అవునని నాకు తెలుసు.

ఇక వాట్సాపు. అమ్మడూ, మన కుటుంబం గ్రూపులోంచి బయటికి వచ్చెయ్యి. మీ బాబాయి పొద్దున్నే పెట్టే గుడ్‌మార్నింగ్ పువ్వులతో పోయేది కాదు అది. మొన్న నా గ్యాలరీ తెరిచి చూసుకున్నాను. మనవడి బోసినవ్వు పక్కన ఎవరిదో రోడ్డు ప్రమాదం, దాని పక్కన అమెరికా ప్రెసిడెంటు మీద కార్టూను, ఆ కింద దసరా ఆయుధపూజ నాడు మీ బాబాయి స్నేహితుడు తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో. అవేవీ నేను తీసినవి కావు, అడిగినవి కావు. గ్రూపులో పడ్డవన్నీ వాటంతటవే దిగి ఫోన్లో కూర్చున్నాయి. మీడియా ఆటో డౌన్‌లోడ్ అని ఒకటుంటుంది, అది తీసెయ్యి. అబుదాబీలో ఆఫీసరుకు మీ బాబాయి వెటకారం తెలుస్తుందా? ఆ తుపాకీ వెనక గుమ్మడికాయ, పసుపు, కుంకుమ కనబడుతున్నా ఆయనకేం అర్థమవుతుంది? బాబాయి అలుగుతాడంటావు. అలగనీ, నేను చూసుకుంటాను. పెళ్లి గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు, టెన్త్ బ్యాచి గ్రూపు, అన్నిటికీ ఇదే మాట.

ఫొటోలు తీసేశానని ఊరుకోకు. ఐఫోన్లో తీసేసినవి 30 రోజులు వేరే ఫోల్డర్లో ఉంటాయి, అక్కణ్ణుంచి కూడా తీసెయ్యాలి. ఈ పనంతా డల్లాసులో బయల్దేరకముందే తీరిగ్గా చేసుకో. బోర్డింగ్ గేటు దగ్గర కంగారుగా చెయ్యకు. ఆఫీసరు పిలిచాక మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోకు. ఫోన్ పూర్తిగా ఖాళీ చేసినా అనుమానమే, అమ్మానాన్నల ఫొటోలు, పండగ ముగ్గులు ఉండనీ. మా కాగితాలు మాత్రం క్లౌడ్‌లో పెట్టి, అందులోంచి సైన్ అవుటయి రా. క్యూలోకి వెళ్లేముందు ఫోన్ పూర్తిగా ఆపెయ్యి, మళ్లీ వెలిగిస్తే ముఖంతోనో వేలితోనో తెరుచుకోదు, కోడ్ అడుగుతుంది. లాప్‌టాప్‌లో మీ ప్రొఫెసరుగారి రీసెర్చి ఉందన్నావు. అది ఆయన సొత్తు, పట్టుకురావచ్చా అని ముందే అడుగు. చాలా యూనివర్సిటీలు ప్రయాణానికని ఖాళీ లాప్‌టాప్ అరువిస్తాయట.

ఇదంతా తప్పు చేసి తప్పించుకోవడానికి నేర్పుతున్నాననుకునేవు. తప్పు అసలు చెయ్యకు. క్యాంపస్‌లో ఉద్యోగం వారానికి 20 గంటలు, సెమిస్టరు నడుస్తున్నప్పుడు అంతకు మించి ఒక్క గంట కూడా వద్దు. బయట పెట్రోలు బంకులూ హోటళ్లూ అసలే వద్దు. డబ్బు తక్కువైతే నాకు చెప్పు, నా పెన్షన్ ఎవరి కోసం? ఇక ఆఫీసరు ఏదడిగినా అబద్ధం ఆడకు. ఫోన్ చూసినందుకు కాకపోయినా అబద్ధం చెప్పినందుకు కేసవుతుంది. వాట్సాపులో ఏమీ లేదేమని అడిగితే "ఇంట్లోవాళ్ల విషయాలు మోసుకు తిరగడం ఇష్టం లేక తీసేశాను" అని ఉన్నదున్నట్టు చెప్పు. ఫోన్ ఉంచుకుంటామంటే రసీదు అడిగి తీసుకో. 6051డి అని ఆ ఫారానికి నంబరు, రాసి పెట్టుకో.

వచ్చే ఏడు నీ తమ్ముడు కూడా వీసాకి వెళతాడు. 2025 జూన్ నుంచి స్టూడెంటు వీసా అడిగేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా పెట్టాలంటున్నారు, డిసెంబరు నుంచి హెచ్‌1బి వాళ్లకూ అదే. వాడి ఇన్‌స్టాగ్రామ్ ఒకసారి నువ్వే చూడు. నేను చూస్తే వాడికి సిగ్గు, నాకు బీపీ.

మళ్లీ నీ సంగతికొస్తే, అక్కడ ఫోన్ చేతిలో లేకపోతే ఎవరికి ఎలా చెప్పుకుంటావు? మీ అమ్మ నంబరు నోటికి చెప్పు చూద్దాం. రాదు, నాకు తెలుసు. మా రోజుల్లో గుంటూరు మిర్చి కమీషన్ కొట్ల నంబర్లన్నీ నాకు నోటికి వచ్చేవి. కాగితం మీద మీ అమ్మ నంబరు, నా నంబరు, యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ ఆఫీసు నంబరు, డల్లాసులో నిన్ను తీసుకెళ్లడానికి వచ్చే పిల్ల నంబరు రాసి పాస్‌పోర్టులో పెట్టుకో. ఎవరైనా ఇమిగ్రేషన్ లాయరు నంబరు దొరికితే అదీ రాయి.

అబుదాబీలో ఎన్ని గంటలు ఆగాలో, ఆ టైముకి ఇక్కడ ఎంతవుతుందో రాసి పంపు. సున్నుండలు ఎప్పుడు చేయించమంటావో కూడా రాయి. గ్రూపులో పెట్టకు, నాకు విడిగా పంపు.

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ